జీన్ రిపోర్టు ఆపరేషన్ అయ్యాక వస్తే, దాన్ని బట్టి ఆపరేషన్ ఎలా నిర్ణయిస్తారు?

తమ్ముడి_అక్క
అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. మా తమ్ముడికి 34 ఏళ్ళు. నెల కిందట ఫోన్లో మాట్లాడుతుండగా మాట ముద్దయిపోయి, కుడి చెయ్యి దానంతటదే కొట్టుకుంది. రెండు నిమిషాల్లో సర్దుకుంది. ఫిట్స్ అన్నారు. ఎమ్మారై తీస్తే ఎడమవైపు నుదుటి వెనక గడ్డ ఉంది. లో గ్రేడ్ గ్లియోమా, అంటే మెదడులోని ఆసరా కణాల నుంచి పుట్టి నెమ్మదిగా పెరిగే గడ్డ కావచ్చని రిపోర్టు. మాటకి సంబంధించిన చోటికి బాగా దగ్గర.

సర్జన్ గారు విసుక్కోకుండానే చెప్పారు. మెలకువగా ఉంచి ఆపరేషన్ చేస్తాం, మాట దెబ్బతినకుండా తీయగలిగినంత తీస్తాం, ఏమైనా మిగిలితే దాని సంగతి జీన్ రిపోర్టు వచ్చాక చూద్దాం, ఒక రకమైతే మళ్ళీ లోపలికి వెళ్ళాల్సి రావచ్చు, ఇంకో రకమైతే దాని జోలికి పోము అన్నారు. అక్కడ తల ఊపి వచ్చేశాను. ఇంటికొచ్చాక చూస్తే లెక్క కుదరడం లేదు. జీన్స్ తెలియాలంటే గడ్డ ముక్క కావాలి. ముక్క కావాలంటే ఆపరేషన్ చేయాలి. ఆపరేషన్ ఎంతవరకు చేయాలో జీన్స్ చెప్పాలట! చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు లేదూ? ముందే సూదితో చిన్న ముక్క తీసి, జీన్స్ చూసుకుని, తర్వాత అసలు ఆపరేషన్ చేయొచ్చు కదా?

భయపెట్టకుండా, అలాగని దాచకుండా చెప్పండి. అమ్మకి ఇంకా "గడ్డ" అన్న మాట దగ్గరే ఆపాం.

నైట్‌డ్యూటీ
అక్కా, నేను న్యూరోసర్జరీ చదువుతున్నాను, చివరి ఏడాది. తమ్ముడి స్కాన్ చూడలేదు కాబట్టి ఆయన సంగతి చెప్పలేను. మేం ఎలా ఆలోచిస్తామో చెప్తాను.

ముందు గడ్డ అనే మాట పక్కన పెట్టండి. గడ్డ అనగానే గుండ్రంగా, అంచు ఉన్నదేదో కళ్ళ ముందుకొస్తుంది. గ్లియోమా బట్ట మీద సిరా మరక లాంటిది. నడిమధ్య చిక్కగా ఉంటుంది, పక్కలకి పోయేకొద్దీ పలచనవుతుంది, ఎక్కడ ఆగిందో కంటికి తెలియదు. అందుకే "మొత్తం తీసేశాం" అని మేం అన్నా, స్కాన్లో కనిపించినంత మేర తీశామనే అర్థం.

ఇప్పుడు జీన్స్. 2008లో గ్లియోబ్లాస్టోమాల (గ్లియోమాల్లో బాగా ఉగ్రమైన రకం) జన్యువులు చదువుతుండగా కొన్నింట్లో ఐడీహెచ్1 అనే జన్యువులో ఒకే చోట మార్పు కనపడింది. తర్వాత చూస్తే లో గ్రేడ్ గ్లియోమాల్లో చాలావాటికి అదే మార్పు. ఆ మార్పు ఉన్నవీ లేనివీ మైక్రోస్కోపు కింద కవలల్లా ఉన్నా, నడత మాత్రం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలోకి 2016లో జన్యువులు వచ్చాయి, 2021లో ఇంకా గట్టిగా కూర్చున్నాయి. ఇప్పుడు పెద్దవాళ్ళలో పాకే గ్లియోమాలు మూడే ఇంటిపేర్లు. ఐడీహెచ్ మారి, 1పి, 19క్యూ అనే రెండు క్రోమోజోమ్ ముక్కలు కూడా పోతే ఒలిగోడెండ్రోగ్లియోమా. ఐడీహెచ్ మారినా ఆ ముక్కలు ఉంటే ఆస్ట్రోసైటోమా. ఐడీహెచ్ మారకపోతే చాలావరకు గ్లియోబ్లాస్టోమా.

మీ సర్జన్ గారు చెప్పిన "ఒక రకం, ఇంకో రకం" బహుశా మొదటి రెండూ. ఆస్ట్రోసైటోమాలో కొంచెం మిగిలినా దాని ప్రభావం తర్వాతి ఏళ్ళలో కనిపిస్తుంది. 2018లో నెదర్లాండ్స్ వాళ్ళ పరిశీలనలో 5 ఘనసెంటీమీటర్ల లోపు మిగిలినవాళ్ళకీ తేడా తేలింది. సురక్షితంగా అందే చోట మిగిలితే మళ్ళీ వెళ్ళి తీయడం గురించి ఆలోచించమని వాళ్ళే రాశారు. ఒలిగోలోనూ ఎక్కువ తీస్తే మంచిదే. కాకపోతే అది నెమ్మదిగా పెరుగుతుంది, కీమోకీ రేడియేషన్‌కీ బాగా లొంగుతుంది. అందుకని ఆఖరి ముక్క కోసం అంత పట్టుబట్టం.

ఆపరేషన్ నిర్ణయం ఒక్క రోజులో తేలిపోతుందని అందరూ అనుకుంటారు. గ్లియోమాలో అది ఏళ్ళ తరబడి నడుస్తుంది. మొదటి ఆపరేషన్‌కి జీన్ రిపోర్టు ఉండదు, నిజమే. రెండోదానికి ఉంటుంది. రెండోది చేయాలా వద్దా అన్నదానికీ ఉంటుంది.

డ్యూటీ పిలుస్తోంది. బయాప్సీ సంగతి తర్వాత రాస్తాను.

పాతకాపు
నేను కాస్త చేదుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండమ్మా. మా ఆవిడకి గ్లియోబ్లాస్టోమా. ఆపరేషన్ అయిన మూడు వారాలకి నాలుగు పేజీల జీన్ రిపోర్టు చేతిలో పెట్టారు. ఎంజీఎంటీ మిథైలేషన్ లేదు, ఇంకేదో ఆంప్లిఫికేషన్ ఉంది... దానివల్ల ఆపరేషన్ ఏమైనా మారిందా అనడిగితే లేదన్నారు. మరి ఎందుకు ఈ హడావిడి? తీయగలిగింది తీస్తారు, తీయలేనిది వదిలేస్తారు. 50 ఏళ్ళ కిందటా అంతే, ఇప్పుడూ అంతే.

గాజుపలక
పాతకాపు గారూ, మీ కష్టానికి జవాబు నా దగ్గర లేదు. ఎంజీఎంటీ విషయంలో మాత్రం మీరన్నది నిజం. అది కత్తి కోసం కాదు, మందు కోసం చూసే పరీక్ష. ఆ జన్యువు మూతపడి ఉంటే టెమోజోలమైడ్ అనే కీమో మందు బాగా పనిచేస్తుందని 2005లో తేలింది.

నేను పాథాలజిస్టుని. అక్కడి నుంచి వచ్చే ముక్కలు నా టేబుల్ మీదకే వస్తాయి. తమ్ముడి అక్క గారూ, రిపోర్టుకి రెండు మూడు వారాలు పడితే గాభరా పడకండి. ముక్క ముందు ఫార్మలిన్‌లో నానాలి. తర్వాత మైనంలో పోసి బ్లాక్ చేస్తాం. దాన్ని నాలుగు మైక్రాన్ల మందాన పలచగా కోసి గాజుపలక మీదకి ఎత్తుకుంటాం. ఐడీహెచ్ స్టెయిన్ వేస్తే మార్పు ఉన్న కణాలు గోధుమ రంగు తేలతాయి, మిగతావి నీలంగా ఉండిపోతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మామూలుగా, ఆరోగ్యంగా కనిపిస్తున్న మెదడు ముక్కలో, అంచుకి ఎంతో దూరాన, ఒంటరిగా ఒకే ఒక్క గోధుమ రంగు కణం. నైట్‌డ్యూటీ గారి సిరా మరక అంటే అదే. ఈ స్టెయిన్ పట్టేది ఆర్132హెచ్ అనే ఒక్క మార్పుని. గ్లియోమాల్లో ఐడీహెచ్ మార్పులు పదింటిలో సుమారు తొమ్మిది అదే. పడుచు వయసు మనిషిలో స్టెయిన్ నెగెటివ్ వస్తే అక్కడితో ఆగకుండా జన్యువు అక్షరాలు చదివే సీక్వెన్సింగ్‌కి పంపుతాం.

1పి, 19క్యూ కోసం ఫిష్ అనే పరీక్ష చేస్తాం. చీకటి గదిలో కూర్చుని కణ కేంద్రకాల్లో రంగు చుక్కలు లెక్కపెట్టడం. పచ్చ చుక్కలు రెండు ఉండి ఎర్ర చుక్క ఒకటే ఉంటే ఆ క్రోమోజోమ్ ముక్క పోయినట్టు. అలా వంద కేంద్రకాల దాకా లెక్కపెట్టేసరికి కళ్ళు మండుతాయి. అన్నిచోట్లా మనుషులే లెక్కపెట్టరు లెండి, వేరే పద్ధతులూ ఉన్నాయి.

ఇక సూది బయాప్సీ. సూదితో వచ్చే ముక్క ఒకట్రెండు మిల్లీమీటర్ల వెడల్పు దారం లాంటిది. ఐడీహెచ్ మార్పు గడ్డ పుట్టుకలోనే వచ్చేది కాబట్టి ఎక్కడ గుచ్చినా దొరుకుతుంది. కానీ గ్రేడు అలా దొరకదు. గడ్డలో ఒక మూల శాంతంగా, ఇంకో మూల ఉగ్రంగా ఉండొచ్చు. సీడీకేఎన్2ఏ/బీ అనే జన్యువులు రెండు ప్రతులూ పోతే ఆస్ట్రోసైటోమా చూడ్డానికి ఎంత సాధువుగా ఉన్నా 2021 నుంచి గ్రేడ్ 4 అనే రాస్తాం. ఆ పోయిన చోటు సూదికి తగలకపోతే? మనం నిశ్చింతగా ఉంటాం, గడ్డ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది.

నైట్‌డ్యూటీ
మేడమ్ సగం పని చేసిపెట్టారు. బయాప్సీకి ఇంకో మాట కలుపుతాను. దీని మీద నార్వేలో విచిత్రంగా ఒక ప్రయోగం లాంటిది జరిగిపోయింది. రెండు ఆస్పత్రులు. ఒకదానిలో లో గ్రేడ్ గ్లియోమా అనిపిస్తే బయాప్సీ చేసి కనిపెట్టుకుని ఉండేవాళ్ళు. రెండోదానిలో మొదట్లోనే తీసేసేవాళ్ళు. రోగి ఏ ఆస్పత్రికి వెళ్ళాలన్నది అతను ఎక్కడ నివసిస్తాడో దాన్ని బట్టే. 2012లో లెక్కలు బయటపెట్టారు, 2017లో మళ్ళీ చూశారు. బయాప్సీ వైపు సగం మంది బతికిన కాలం 5.8 ఏళ్ళు. తీసేసిన వైపు 14.4 ఏళ్ళు. అందుకే స్కాన్లో తీయదగ్గదిగా కనిపిస్తే, జీన్స్ కోసమని సూది గుచ్చి, రక్తస్రావం రిస్కు ఒకటి తగిలించుకుని, మళ్ళీ పెద్ద ఆపరేషన్‌కి తీసుకురావడం చాలామంది సర్జన్లకి ఇష్టం ఉండదు. లోతుగా, మెదడు నడిమధ్య ఉండి తీయడానికి వీల్లేనివాటికి బయాప్సీయే దిక్కు.

పైగా మేం పూర్తిగా గుడ్డిగా వెళ్ళం. స్కాన్లోనే జీన్స్ జాడ కొంత కనిపిస్తుంది. టీ2 అనే బొమ్మలో గడ్డ అంతా తెల్లగా మెరుస్తూ, ఫ్లెయిర్ అనే బొమ్మలో లోపల నల్లబడి అంచు మాత్రమే తెల్లగా మిగిలితే, అది దాదాపు ఖాయంగా ఆస్ట్రోసైటోమా. 2017లో దీన్ని రాశారు. లేనంత మాత్రాన కాదనలేం, ఆ లక్షణం లేని ఆస్ట్రోసైటోమాలు బోలెడు. సీటీలో సున్నం పేరుకుని కనిపిస్తే ఒలిగో వైపు మొగ్గుతాం. ఐడీహెచ్ మారిన కణాలు 2-హైడ్రాక్సీగ్లూటరేట్ అనే పదార్థాన్ని పోగేసుకుంటాయి. దాన్ని స్పెక్ట్రోస్కోపీలో వెతికే చోట్లు కూడా ఉన్నాయి.

పాతకాపు గారూ, మీరు అన్నదాంట్లో ఒక మాట దగ్గర ఆగాను. "తీయలేనిది వదిలేస్తారు" అన్నారు. తీయలేనిది అని ఎవరు చెప్పాలి? థియేటర్లో గీత గీసి ఉండదు. ఇంకో అర సెంటీమీటరు వెళ్తే నెల రోజులు చెయ్యి బలహీనపడి తిరిగి రావచ్చు, తిరిగి రాకపోనూ వచ్చు. ఆ అర సెంటీమీటరుకి బదులుగా మనిషికి ఏం దక్కుతుంది అన్నది గడ్డ రకాన్ని బట్టి మారుతుంది. జీన్స్ పనికొచ్చేది సరిగ్గా అక్కడే. ఎంత కోయాలో అవి చెప్పవు. మిగిలిన ముక్క కోసం మాటనో చెయ్యినో పణంగా పెట్టడం సబబా కాదా అన్నది చెప్తాయి.

పాతకాపు
ఆ మాట మాకు ఎవరూ చెప్పలేదు నాయనా. చెప్పి ఉంటే ఏం మారేదో తెలియదు. మా ఆవిడకి ఆపరేషన్‌లో ఏదో తాగించి నీలం లైటు కింద చూసి తీశామన్నారు. అది ఏమిటి?

నైట్‌డ్యూటీ
5-ఏఎల్ఏ. మత్తు ఇచ్చే మూడు గంటల ముందు తాగిస్తారు. నీలం కాంతి కింద గ్లియోబ్లాస్టోమా గులాబీ రంగులో వెలుగుతుంది. 2006లో జర్మనీ వాళ్ళు పోల్చి చూస్తే, స్కాన్లో మెరిసిన గడ్డంతా తీయగలిగింది మామూలు కాంతిలో 36 శాతం మందిలో, దీనితో 65 శాతం మందిలో. ఆమెకి చేయాల్సింది చేశారండీ. లో గ్రేడ్ గడ్డలు చాలావరకు వెలగవు, కాబట్టి ఈ తమ్ముడి విషయంలో దాని మీద ఆశ పెట్టుకోలేం.

సగంతెలుసు
రక్తంలోనే ట్యూమర్ డీఎన్ఏ తెలిసిపోతుందని ఎక్కడో వీడియోలో చూశాను. లిక్విడ్ బయాప్సీ. మరి ముక్క ఎందుకు తీయడం? అలాగే థియేటర్లోనే గంటలో జీన్స్ చెప్పేసే మెషిన్ కూడా వచ్చేసిందట కదా.

గాజుపలక
పేరు సరిగ్గానే పెట్టుకున్నారు :)

మెదడుకీ రక్తానికీ మధ్య గట్టి అడ్డు ఉంది. గ్లియోమా డీఎన్ఏ రక్తంలోకి వచ్చేది చాలా తక్కువ, దాని మీద ఆధారపడి తల తెరవడమో మానడమో చేయలేం. వెన్నునీరు కాస్త నయం. మెదడు లింఫోమాలో చాలాసార్లు ఎంవైడీ88 అనే జన్యువు మార్పు ఉంటుంది, దాన్ని వెన్నునీటిలో పట్టుకోవచ్చు. అక్కడ ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే లింఫోమాకి మందే ప్రధాన వైద్యం, పెద్ద ఆపరేషన్ సాధారణంగా అక్కర్లేదు. రోగ నిర్ధారణకి ముక్క ఉంటే చాలు. ఒక చిక్కు మాత్రం చెప్తాను. లింఫోమా అనుమానం ఉంటే, ప్రాణం మీదకి రానంతవరకు, బయాప్సీకి ముందు స్టెరాయిడ్ ఇవ్వకూడదు. ఇస్తే గడ్డ కరిగిపోయి, నా దగ్గరకి వచ్చిన ముక్కలో చచ్చిన కణాలు తప్ప ఏమీ ఉండవు. ఇలా నా టేబుల్ మీద ఒకటి కాదు, చాలా పోయాయి. ఇది రాస్తుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

రెండోది, గంటలో చెప్పే పద్ధతి. అది వట్టి మాట కాదు. నెదర్లాండ్స్ వాళ్ళు 2023లో నానోపోర్ సీక్వెన్సింగ్‌తో చేసి చూపించారు. 25 ఆపరేషన్లలో థియేటర్ నడుస్తుండగానే ప్రయత్నిస్తే 18 సార్లు సరైన జవాబు వచ్చింది, గంటన్నర లోపలే. మిగతా ఏడింట్లో నమ్మకంగా చెప్పలేకపోయింది. చెప్పలేను అని ఒప్పుకునే మెషిన్ అంటే నాకు గౌరవమే. ఇది చూసేది డీఎన్ఏ మీద మిథైల్ గుర్తుల తీరుని. గడ్డ రకానికి అది వేలిముద్ర లాంటిది. 2018లో జర్మనీ నుంచి ఆ వేలిముద్రల పట్టిక వచ్చినప్పుడు, దానితో మళ్ళీ చూస్తే 12 శాతం కేసుల్లో మాలాంటివాళ్ళు ముందు రాసిన పేరే మార్చాల్సి వచ్చింది. అప్పటి నుంచి కాస్త ఒద్దికగా ఉంటున్నాం.

థియేటర్ నుంచి నాకు వచ్చేది ఫ్రోజెన్ సెక్షన్. గడ్డకట్టించి కోసి, ఇరవై నిమిషాల్లో చెప్పాలి. అందులో "గ్లియోమా లాగుంది" అనగలను. ఒలిగోనా ఆస్ట్రోనా అంటే గట్టిగా చెప్పలేను. చెప్పినా నమ్మకండి.

చిన్నూ_వాళ్ళమ్మ
చాలా కాలానికి లాగిన్ అయ్యాను. ఈ థ్రెడ్ చూసి రాయకుండా ఉండలేకపోయాను.

మా వాడికి ఆరేళ్ళప్పుడు మెడుల్లోబ్లాస్టోమా, చిన్నమెదడు దగ్గర. ఆపరేషన్ తర్వాత ఐదు వారాలు మాట్లాడలేదు. ఏడుపు వచ్చేది, మాట వచ్చేది కాదు. ఆ తర్వాత ఒక రోజు నర్సు మీద కోపం వచ్చి "వద్దు" అన్నాడు. అదే మొదటి మాట.

అయితే బ్రెయిన్ స్టెమ్‌కి అతుక్కుని కొంచెం మిగిలింది. రెండోసారి ఆపరేషన్ చేయాలా అని డాక్టర్లలో వాళ్ళకే రెండు మాటలు. నేను మాత్రం ఎలాగైనా తీసేయండి అని కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. లోపల ఉందంటే తల్లికి నిద్ర పడుతుందా? ఇంతలో జీన్ రిపోర్టులో డబ్ల్యూఎన్‌టీ రకం అని వచ్చింది. పెద్ద డాక్టర్ గారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. ఈ రోగంలో నాలుగు రకాలు ఉన్నాయి, మనవాడిది అన్నింటిలోకీ మెతకది, వైద్యంతో నూటికి తొంభై మందికి పైగా పిల్లలు బాగుపడతారు, ఆ చిన్న ముక్క కోసం మళ్ళీ అక్కడికి వెళ్తే మింగడం, నడవడం పోవచ్చు, వెళ్ళను అన్నారు. రేడియేషన్, కీమో ఇచ్చారు. వాడికిప్పుడు 13. నాతో గొడవపడటానికే మాట్లాడతాడు.

నైట్‌డ్యూటీ
చిన్నూ వాళ్ళమ్మ గారూ, ఆ డాక్టర్ గారి వెనక గట్టి ఆధారమే ఉంది. మిగిలిన ముక్క 1.5 చదరపు సెంటీమీటర్లు దాటితే ప్రమాదం ఎక్కువ అని మాకు ఎప్పటినుంచో నేర్పుతూ వచ్చారు, దానికోసం రెండోసారి వెళ్ళడమూ మామూలే. 2016లో 787 మంది మెడుల్లోబ్లాస్టోమా రోగులని జన్యు రకాల వారీగా విడదీసి చూశారు. రకాన్ని లెక్కలోకి తీసుకునేసరికి, పూర్తిగా తీయడానికీ కొంచెం మిగల్చడానికీ మధ్య ఉందనుకున్న తేడా చాలావరకు కరిగిపోయింది. ఆ నాలుగు రకాల్లో గ్రూప్ 4 అనేదానిలో ఎక్కువ మిగిలినవాళ్ళకి మాత్రం రోగం తిరగబెట్టడంలో తేడా కనిపించింది. పాతకాపు గారూ, 50 ఏళ్ళ కిందటా ఇప్పుడూ ఒకటే కాదు అనడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇదే.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది పిల్లల్లో వచ్చే ఎపెండైమోమా అనే ఇంకో మెదడు గడ్డ. అందులో జీన్ రకం ఏదైనా సరే, మిగల్చకుండా తీయడమే అసలు మందు. కాబట్టి "జీన్స్ తెలిశాయి, ఇక కత్తి పెద్దగా అక్కర్లేదు" అని ఒక్కదాన్ని చూసి అన్నింటికీ అనుకోకూడదు.

పిట్టగూడు
నాది క్రేనియోఫారింజియోమా, పాపిల్లరీ రకం. పిట్యూటరీ పైన, కంటి నరాల కింద కూర్చుంది. మొదట ముక్కులోంచి వెళ్ళి కొంచెమే తీశారు, బీరాఫ్ అనే జన్యువులో వీ600ఈ మార్పు ఉందని తేలాక మిగతాది మాత్రలతో కరిగించారు. స్కాన్లో ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది. ఆ ఒక్క రిపోర్టు రాకపోయి ఉంటే పెద్ద ఆపరేషన్‌కి సంతకం పెట్టేవాడినే.

నైట్‌డ్యూటీ
బ్రదర్, మీ రకం గురించి 2023లో వచ్చిన ట్రయల్ మా డిపార్ట్‌మెంట్లో అందరూ నోరు తెరుచుకుని చదివారు. 16 మందికి రెండు మందులు కలిపి ఇస్తే 15 మందిలో గడ్డ బాగా కరిగింది. ఆ చోట పూర్తిగా తీయబోయి చూపు, హార్మోన్లు పోగొట్టడం మాకు తెలిసిన పాత కథ. ఇలాంటిచోట ఇప్పుడు "ముక్క తీసుకుని బయటికి రా" అన్నదే మంచి ఆపరేషన్. మందుకి దుష్ప్రభావాలు ఉంటాయి, ఆపితే తిరిగి పెరగొచ్చు, అది వేరే చర్చ.

మోడరేటర్
మందుల మోతాదులు, ఆస్పత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు రాయవద్దు. రెండు పోస్టులు తీసేశాను. చర్చ బాగుంది, కొనసాగించండి.

తమ్ముడి_అక్క
అందరికీ చేతులెత్తి దండం. మూడుసార్లు చదివాను. మా మరదలు ఒక మాట అడగమంది, తను నేరుగా అడగలేక. వాళ్ళకి నాలుగేళ్ళ పాప ఉంది. జీన్స్ అంటున్నారు కదా, ఇది పాపకి వస్తుందా?

గాజుపలక
ఈ ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, నోరు విప్పి అడిగేవాళ్ళే తక్కువ. ఆవిడకి చెప్పండి: మేం చూసేది గడ్డలో పుట్టిన మార్పులని. ఒంట్లో మిగతా కణాల్లో అవి ఉండవు, బిడ్డకి చేరవు. పుట్టుకతో వచ్చే కొన్ని జబ్బులు వేరు. న్యూరోఫైబ్రోమటోసిస్, ట్యూబరస్ స్క్లెరోసిస్ లాంటివి. వాటికి ఒంటి మీద మచ్చలనో, ఇంట్లో ఇంకొకరికి ఉండటమనో వేరే ఆనవాళ్ళు ఉంటాయి, అనుమానం వస్తే రక్త పరీక్ష చేస్తారు. అన్నట్టు ట్యూబరస్ స్క్లెరోసిస్‌లో వచ్చే ఒక రకం గడ్డకి 2010 నుంచి ఎవరోలిమస్ మాత్ర ఉంది. అంతకుముందు కత్తి ఒక్కటే దారి.

తమ్ముడి_అక్క
(పదకొండు రోజుల తర్వాత)
ఆపరేషన్ అయింది. మాట్లాడుతున్నాడు. నెమ్మదిగా, వెతుక్కుంటూ, కానీ మాట్లాడుతున్నాడు.

వాడు చెప్పిందే రాస్తున్నాను. మధ్యలో మత్తు తగ్గించి లేపారట. నొప్పి లేదు, ఎక్కడో దూరంగా ఎవరో బల్ల లాగుతున్నట్టు చప్పుడు. ఎదురుగా ట్యాబ్‌లో బొమ్మలు ఒకటొకటి వస్తుంటే పేర్లు చెప్పాలి. కుర్చీ, ఏనుగు, తాళం. ఉన్నట్టుండి దువ్వెన బొమ్మ వచ్చింది. అదేమిటో తెలుసు, దేనికి వాడతారో తెలుసు, పేరు మాత్రం నోటికి రాలేదట. "ఇది... ఇది..." అంటుంటే ఆ పక్కనున్న డాక్టరమ్మ "ఆగండి" అని గట్టిగా అంది. సర్జన్ అక్కడ చిన్న కాగితం ముక్క పెట్టి, ఆ వైపు ఇక వెళ్ళలేదు. అక్కడే కొంచెం మిగిలింది. ఫ్రోజెన్‌లో గ్లియోమా అని మాత్రమే వచ్చింది, గాజుపలక మేడమ్ చెప్పినట్టే.

సీటీలో సున్నం ఉందని ముందే అన్నారు. అయినా రిపోర్టు రాలేదు కదా, రాత్రిళ్ళు టెన్షన్ తగ్గడం లేదు.

నైట్‌డ్యూటీ
మాట ఆగిన చోట ఆగారు. ఆ సర్జన్ మీద నాకు గౌరవం పెరిగింది అక్కా. మొదటి వారాల్లో వాపు వల్ల మాట ఇంకా తడబడొచ్చు. కంగారు పడకండి, స్పీచ్ థెరపీ మాత్రం వెంటనే మొదలుపెట్టించండి.

గాజుపలక
బ్లాక్ ఎక్కడ దాచుతారో, ఎన్నేళ్ళు ఉంచుతారో ఒక ముక్క రాయించుకోండి. మైనం బ్లాకులు ఏళ్ళ తర్వాత కూడా కొత్త పరీక్షలకి పనికొస్తాయి. ఇది ఎవరూ చెప్పరు, అవసరం వచ్చినప్పుడు అందరూ పరుగెడతారు.

తమ్ముడి_అక్క
(మరో మూడు వారాలకి)
వచ్చింది. ఐడీహెచ్1 మార్పు ఉంది. ఏటీఆర్ఎక్స్ అనే ఇంకో జన్యువు నిలిచి ఉంది. 1పి, 19క్యూ రెండూ పోయాయి. ఒలిగోడెండ్రోగ్లియోమా, గ్రేడ్ 2. ఏదో పోయిందని రాసి ఉంటే సంతోషించడం జీవితంలో ఇదే మొదటిసారి.

ట్యూమర్ బోర్డులో డాక్టర్లంతా కూర్చుని మాట్లాడుకున్నారట. మళ్ళీ లోపలికి వెళ్ళడం లేదు. మిగిలింది కొంచెమే, అది కూడా మాట దగ్గర. మూడు నెలలకోసారి స్కాన్. వోరాసిడెనిబ్ అనే మాత్ర గురించి చెప్పారు, ఇంకా నిర్ణయించుకోలేదు. దాని గురించి ఎవరికైనా తెలుసా?

నైట్‌డ్యూటీ
ఐడీహెచ్ మార్పు ఉన్న గ్రేడ్ 2 వాటికోసమే వచ్చిన మందు. ట్రయల్‌లో 331 మంది, ఆపరేషన్ అయి కొంత మిగిలినవాళ్ళో తిరగబెట్టినవాళ్ళో, వెంటనే కీమో, రేడియేషన్ అక్కర్లేనివాళ్ళు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో సగం మందికి 11.1 నెలల్లో రోగం ముందుకు కదిలితే, మందు తీసుకున్నవాళ్ళలో 27.7 నెలలు పట్టింది. అమెరికాలో 2024 ఆగస్టులో అనుమతి వచ్చింది. కాలేయం పరీక్షలు తరచూ చేయించాలి. ఆయుష్షు ఎంత పెంచుతుందో తేలాలంటే ఇంకా ఏళ్ళు కావాలి. ఇప్పుడే మొదలుపెట్టాలా, స్కాన్లో కదలిక చూసి మొదలుపెట్టాలా అన్నది మీ డాక్టర్‌ని సూటిగా అడగండి. రెండు రకాల అభిప్రాయాలూ వింటారు, రెండూ తప్పు కావు.

పాతకాపు
సంతోషం తల్లీ. అమ్మకి చెప్పారా?

తమ్ముడి_అక్క
చెప్పాం. "పేరు పెట్టారుగా, ఇక పట్టుకుంటార్లే" అంది. ఆవిడ ధైర్యం ఆవిడది.

తమ్ముణ్ణి_నేనే
కొత్త ఐడీ. అక్క ఫోన్లో చూసి చదివాను. టైపు చేయడానికి టైము పడుతోంది. అందరికీ థాంక్స్. ఒక కరెక్షన్. ఆ బొమ్మ దువ్వెన కాదు. రంపం. అక్కకి చెప్పినప్పుడు కూడా మాట రాక దువ్వెన అన్నాను.

డాక్టర్ గారూ, ఫిట్స్ మాత్రలు వాడుతూ ఎన్నాళ్ళకి బండి నడపొచ్చు?